గ్రీసు బడి గదికి వెలుతురు తెచ్చిన కరందినోస్



ఏథెన్స్ నగరం పేరు చెప్పగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది కొండ మీది పార్థెనాన్ గుడి. పాలరాతి స్తంభాల వరుస, వాటి మీద త్రికోణాకారపు నుదురు. మన చరిత్ర పుస్తకాల్లో చిన్నప్పటి నుంచి చూస్తున్న బొమ్మే అది. ఆ కొండకు దక్షిణం వైపు, దిగువన, మక్రియానీ అనే పాత పేట ఉంది. అందులో కాలిస్పేరి అని ఒక వీధి. 1930ల మొదట్లో ఆ వీధిలో ప్రభుత్వం ఒక ప్రాథమిక పాఠశాల కట్టించింది. తలెత్తితే కొండ, కొండ మీద లోకమంతా మొక్కే స్తంభాలు. కింద కట్టిన బడికి మాత్రం అలాంటి స్తంభం ఒక్కటీ లేదు. త్రికోణపు నుదురూ లేదు, శిల్పమూ లేదు. నునుపైన గోడలు, చదునైన శ్లాబు, వెడల్పాటి కిటికీలు, పిల్లలు తిరగడానికి ఆరుబయలు. ఆ బడిని గీసిన మనిషి పేరు పాత్రోక్లోస్ కరందినోస్. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ నగరంలో అలా కట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఒక్క క్షణం ఆలోచించండి. 1834లో ఏథెన్స్ కొత్త గ్రీసుకు రాజధాని అయింది. అప్పటి నుంచి నూరేళ్ల పాటు అక్కడ పెద్ద కట్టడాలు చాలావరకు పార్థెనాన్‌కు చుట్టరికం కలుపుకొనే లేచాయి. విశ్వవిద్యాలయం, అకాడమీ, జాతీయ గ్రంథాలయం, అన్నీ స్తంభాలే. జర్మనీ, డెన్మార్క్ వంటి చోట్ల నుంచి వచ్చిన వాస్తుశిల్పులు కూడా గ్రీసువాళ్లకు వాళ్ల పూర్వీకుల స్తంభాలనే మళ్లీ చెక్కి ఇచ్చారు. తాతల పేరు నిలబెట్టడమంటే తాతల ఇంటినే మళ్లీ కట్టడమని అందరూ అనుకుంటున్న చోట, సరిగ్గా ఆ తాతల ఇంటి గుమ్మం ముందు, ఈ యువకుడు పిల్లల కంటిని, ఊపిరిని కొలతగా పెట్టుకొని బడి కట్టాడు. ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఆ పని గురించే.

కరందినోస్ 1903లో కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో పుట్టాడు. అప్పట్లో ఆ నగరంలో గ్రీకులు లక్షల్లో ఉండేవారు. ఏథెన్స్ పాలిటెక్నిక్‌లో వాస్తుశాస్త్రం చదివి 1924లో పట్టా పుచ్చుకున్నాడు. అతను చదువుకుంటున్న ఆ సంవత్సరాల్లోనే గ్రీసు చరిత్రలోని అతిపెద్ద విషాదం జరిగింది. 1922లో ఆసియా మైనర్‌లో గ్రీకు సైన్యం ఓడిపోయింది. స్మిర్నా నగరం తగలబడింది. మరుసటి ఏడు లొజాన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం చాలావరకు టర్కీలోని గ్రీకు క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి కదిలిపోవలసి వచ్చింది. తరాల తరబడి ఉన్న ఇళ్లను వదిలి, చేత పట్టినంత సామానుతో ఓడలెక్కారు. 1928 జనాభా లెక్కల్లో గ్రీసు జనం 62 లక్షలు. అందులో 12 లక్షల పైచిలుకు మంది ఇలా కాందిశీకులుగా వచ్చినవాళ్లే. దేశంలో ప్రతి అయిదుగురిలో ఒకరన్నమాట.

వాళ్లందరినీ ఎక్కడ పెట్టాలి? గుడారాలు చాలలేదు. గోదాములు, చర్చిలు నిండిపోయాయి. ఏథెన్స్ పురపాలక నాటకశాలలో, ప్రభువులు కూర్చొని నాటకం చూసే పెట్టెగదుల్లో, ఒక్కో దాంట్లో ఒక్కో కుటుంబం కాపురం పెట్టింది. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, చూస్తే గుండె పట్టేస్తుంది. బడులు కూడా ఆశ్రయాలుగా మారిపోయాయి. చదువు చెప్పవలసిన గదుల్లో జనం పడుకున్నారు. అసలే చాలని బడులు, దానికి తోడు లక్షల మంది కొత్త పిల్లలు. వాళ్లలో తండ్రిని పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఇరుకు గదులు, చీకటి, తేమ. క్షయ వ్యాధి ఇంటింటికీ పాకుతున్న రోజులు. పిల్లలు పగలంతా గడిపే గదిలో గాలి ఆడకపోతే రోగం బెంచీ నుంచి బెంచీకి వెళుతుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు. కరందినోస్ తరం వాస్తుశిల్పులకు ఎదురైన ప్రశ్న ఇది. ఏ శైలిలో కడితే గొప్పగా ఉంటుందన్న చర్చకు అప్పుడు తీరిక లేదు.

అంతకుముందు గ్రీసులో బడులు లేవని కాదు. ఆ కథలో మనకు సంబంధించిన ముక్క ఒకటుంది, చెప్పకుండా దాటలేను. 1828లో స్వతంత్ర గ్రీసు పగ్గాలు చేపట్టిన యోయానిస్ కపోదిస్త్రియాస్ దగ్గర డబ్బు లేదు, పంతుళ్లు లేరు. అందుకని పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చదువు చెప్పే పద్ధతిని దేశమంతటా పెట్టించాడు. ఒకే పొడవాటి హాలు, వందల మంది పిల్లలు, ఒకే ఒక్క పంతులు. చిన్నవాళ్లకు పలకా బలపం కూడా లేవు, బల్ల మీద పోసిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఈ పద్ధతి ఇంగ్లండు, ఫ్రాన్సుల మీదుగా గ్రీసు చేరింది. ఇంగ్లండుకు దానిని మోసుకుపోయినవారిలో మొదటివాడు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు. 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపాడాయన. దగ్గరలోని ఒక వీధి బడిలో పిల్లలు నేల మీద ఇసుక పరచుకొని అక్షరాలు దిద్దడం చూశాడు. ఆ పద్ధతినే తన బడిలో పెట్టి, 1797లో దాని గురించి పుస్తకం రాశాడు. మన వీధి అరుగుల మీది ఇసుక చదువు ముప్పై, నలభై ఏళ్లలో సముద్రాలు దాటి ఆర్గోస్, ఏజినా పట్నాల్లో గ్రీకు అక్షరాలు దిద్దించిందన్నమాట.

ఆ తర్వాత 1898లో విద్యాశాఖలోని వాస్తుశిల్పి దిమిత్రియోస్ కాల్లియాస్ దేశమంతటికీ పనికొచ్చే నమూనా పటాలు తయారు చేశాడు. ఒక గది బడి, రెండు గదుల బడి, నాలుగు గదులది, ఆరు గదులది. ఊరి జనాభాను బట్టి పటం ఎంచుకొని కట్టుకోవడమే. గ్రీసు పల్లెల్లో ఇప్పటికీ రాతి గోడలు, ఎత్తైన కిటికీలు, ముఖద్వారం మీద త్రికోణంతో కనిపించే పాత బడులు చాలావరకు ఆ పటాలవే. కాల్లియాస్ చేసింది చాలా మంచి పని. బడి అంటే పూజారి ఇంటి వసారానో, అద్దె కొట్టమో అనుకుంటున్న ఊళ్లకు బడికంటూ ఒక సొంత కట్టడం ఉండాలని ఆయన నేర్పాడు. కానీ రాతి గోడకు ఒక కట్టుబాటు ఉంది. పైకప్పు బరువు మోయాలి కాబట్టి గోడ మందంగా ఉండాలి. గోడ బలహీనపడకూడదు కాబట్టి కిటికీ సన్నగా ఉండాలి. ఒక కిటికీకి, మరో కిటికీకి మధ్య చీకటి పట్టీ తప్పదు. ఆ పట్టీ పక్కన కూర్చున్న పిల్లవాడి పుస్తకం మీద నీడే పడుతుంది.

ఆ గోడ నుంచి విడుదల ఎలాగో కరందినోస్ పారిస్‌లో నేర్చుకున్నాడు. 1920ల చివర్లో వాస్తుశిల్పి ఆగ్యూస్త్ పెరే దగ్గర పని చేశాడు. కాంక్రీటును గోదాములకు, వంతెనలకు మాత్రమే పనికొచ్చే ముతక సరుకుగా చూస్తున్న రోజుల్లో దాన్ని గుడికి, ఇంటికి తగిన గౌరవమైన పదార్థంగా నిలబెట్టినవాడు పెరే. పారిస్ పక్కన ల్ రాన్సీలో ఆయన 1923లో పూర్తి చేసిన చర్చి ఉంది. సన్నటి కాంక్రీటు స్తంభాలే పైకప్పును మోస్తాయి. గోడ బరువు మోయనక్కర్లేదు కాబట్టి గోడంతా రంగుల గాజే. పిల్లర్లు, బీములు కట్టడాన్ని నిలబెడితే గోడ ఉత్త తెర అవుతుంది. తెరను ఎక్కడ కావాలంటే అక్కడ తెరవొచ్చు. మన ఊళ్లో ఏ మేస్త్రీని అడిగినా ఇవాళ ఇది చెబుతాడు. 1920ల్లో మాత్రం ఇది కొత్త విద్య. పైగా గ్రీసు భూకంపాల దేశం. 1928 ఏప్రిల్‌లో కొరింత్ పట్నం నేలమట్టమైంది. ఇనుమూ కాంక్రీటూ కలిసిన చట్రం ఒక్క వెలుతురుకే కాదు, పిల్లల ప్రాణానికీ పూచీ అనుకోవడానికి కారణం కళ్లెదుటే ఉంది.

కరందినోస్ తిరిగి వచ్చేసరికి ఏథెన్స్‌లో కాలం కలిసి వచ్చింది. 1928లో ఎలెఫ్తెరియోస్ వెనిజెలోస్ మళ్లీ ప్రధానమంత్రి అయ్యాడు. ప్రాథమిక చదువును ఆరేళ్లకు స్థిరపరిచాడు. 1930లో యోర్గోస్ పపాంద్రేయు విద్యామంత్రిగా వచ్చాడు, తర్వాతి కాలంలో ఆయనే ప్రధాని అయ్యాడు. దేశమంతటా బడులు కట్టాలని తీర్మానించి, విద్యాశాఖలోనే వాస్తుశిల్పుల కచేరీ నడిపించారు. ఆ కచేరీ కోసం గీసినవాళ్లు చాలావరకు ముప్పై ఏళ్లకు అటూ ఇటూ వయసువాళ్లే. నికొలావోస్ మిత్సాకిస్, కిరియాకోస్ పనయోతాకోస్, కరందినోస్. వాళ్లకన్నా పెద్దవాడు, ఆలోచనాపరుడు దిమిత్రిస్ పికియోనిస్ కూడా వాళ్లతో కలిశాడు. నాలుగేళ్లలో దేశంలో సుమారు 3,000 బడులు లేచాయి. అన్నీ ఈ కొత్త పద్ధతివి కావు, చాలావరకు పల్లెల్లోని చిన్న బడులు. అయినా ఈ కాలం ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయింది. 1932లో గ్రీసు తన విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ దివాలా అంచున నిలబడి కట్టిన బడులు ఇవి. డబ్బు లేనప్పుడు బడి సంగతి తర్వాత చూద్దామనడం ప్రపంచంలో అన్ని ప్రభుత్వాలకూ అలవాటే. ఆ ప్రభుత్వం అలా అనలేదు. దాని పట్ల నాకు గౌరవం ఉంది.

మరి ఆ కచేరీలో కూర్చున్న కుర్రవాళ్లు ఏం ఆలోచించారు? బయటి ముఖం ఎలా ఉండాలన్న దగ్గర మొదలుపెట్టలేదు. లోపల కూర్చునే పిల్లవాడి దగ్గర మొదలుపెట్టారు.

ఒక గదిని దగ్గరగా చూద్దాం. పిల్లలు నల్లబల్ల వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్లకు ఎడమ పక్కన కిటికీలు. ఎందుకు ఎడమ పక్కనే? కుడిచేత్తో రాసేవాడికి వెలుతురు కుడి నుంచి వస్తే తన చెయ్యి నీడే తన అక్షరం మీద పడుతుంది. వెనక నుంచి వస్తే తల నీడ పడుతుంది. ఎదురుగా వస్తే కళ్లు చెదిరి బల్ల కనపడదు. అందుకే ఎడమ. ఆ ఎడమ గోడలో కిటికీ ఒక పిల్లర్ నుంచి మరో పిల్లర్ దాకా, దాదాపు పైకప్పును తాకేంత ఎత్తుకు వెళుతుంది. పైన ఎంత ఎత్తుకు కిటికీ ఉంటే వెలుతురు గదిలోకి అంత లోతుకు వెళుతుంది, కుడి గోడ పక్కన కూర్చున్న పిల్లకూ అందుతుంది. మందపాటి రాతి గోడలో ఇది కుదరదు, చట్రంలో కుదురుతుంది.

ఇక ఆ కిటికీ ఏ దిక్కుకు? సాధారణంగా దక్షిణానికో, ఆగ్నేయానికో. ఎండ దేశంలో దక్షిణానికి కిటికీయా అని మనకు అనిపించవచ్చు. ఏథెన్స్ మనకన్నా చాలా ఉత్తరాన ఉంది. అక్కడ డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 29 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. జూన్‌లోనేమో 75 డిగ్రీలకు, దాదాపు నడినెత్తికి వస్తాడు. ఇప్పుడు దక్షిణపు కిటికీ పైన ఒక మీటరు వెడల్పున సన్‌షేడ్ బయటికి చాపితే ఏమవుతుందో లెక్క వేయండి. జూన్ మధ్యాహ్నం ఆ పలక కింద దాదాపు నాలుగు మీటర్ల గోడ నీడలో ఉంటుంది, గదిలోకి ఎండ రాదు. డిసెంబరు మధ్యాహ్నం నీడ అర మీటరే. మిగతా కిటికీ గుండా ఎండ నేరుగా లోపలికి వచ్చి, పొయ్యి లేని బీద బడిలో పిల్లల వీపులు వెచ్చబెడుతుంది. ఖర్చేమీ లేదు, కావలసింది దిక్కు తెలిసి గీసే చెయ్యి.

గదులన్నీ వసారాకు ఒకే వైపు. అంటే గదికి ఆ పక్కా ఈ పక్కా గాలి ఆడుతుంది. ఎదురెదురు గదుల మధ్య చీకటి నడవ ఉండదు. ఎండలో, వానలో పిల్లలు ఆడుకోవడానికి పిల్లర్ల మీద నిలిచిన నీడపట్టు. స్థలం చాలని ఇరుకు పేటల్లో చదునైన శ్లాబే ఆటస్థలం. ఇలాంటి సంగతులు చెప్పుకుంటే చిన్నవిగానే కనిపిస్తాయి. అప్పటిదాకా వాటిని వాస్తుశిల్పానికి తగిన విషయాలుగా లెక్కపెట్టినవాళ్లు తక్కువ. ఒక దేశపు మేలైన వాస్తుశిల్పులు బీదవాళ్ల పిల్లలు వాన వస్తే ఎక్కడ ఆడుకుంటారని కూర్చుని ఆలోచించారే, ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది అది.

కాలిస్పేరి వీధి బడిలో ఇవన్నీ ఒక వాలు నేల మీద కుదిర్చాడు కరందినోస్. నేలను చదును చేసి పెద్ద పెట్టె నిలబెట్టలేదు. వాలును అనుసరించి కట్టడాన్ని మెట్లుగా దింపాడు. ఆ మెట్ల మధ్య ఆరుబయళ్లు వచ్చాయి. అక్కడ నిలబడిన పిల్లకు కొండా, కొండ మీది గుడీ కనిపిస్తాయి. ఇక్కడ కొందరు విమర్శకులతో నేను ఏకీభవించను. పాత స్తంభాలను పక్కన పెట్టినందుకు ఈ తరాన్ని సంప్రదాయ ద్రోహులన్నట్టు మాట్లాడేవారున్నారు. ఆ బడి పార్థెనాన్‌ను కాపీ కొట్టలేదు కానీ దానికి ఎదురుగా తలుపు తెరిచింది. రోజూ ఆ గుడిని చూస్తూ పెరిగే పిల్లకు గోడ మీద సున్నపు నకలు ఎందుకు?

1933లో ఈ బడులకు అనుకోని అతిథులు వచ్చారు. యూరప్‌లోని ఆధునిక వాస్తుశిల్పుల సంఘం తన నాలుగో మహాసభను మొదట మాస్కోలో జరుపుదామనుకుంది. అది కుదరలేదు. అప్పుడు మార్సేయ్ రేవులో పాత్రిస్-2 అనే గ్రీకు ఓడ ఎక్కి, జూలై 29న ఏథెన్స్‌కు బయలుదేరారు. ఓడ పైభాగాన పటాలు పరచుకొని 33 నగరాలను పోల్చి చర్చించారు. ఆధునిక వాస్తుశిల్పుల్లో పేరుమోసిన లె కొర్బూజియే ఉన్నాడు. చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్ మొహోలీ నాజ్ కెమెరా పట్టుకొని సినిమా తీశాడు. ఏథెన్స్ పాలిటెక్నిక్‌లో సభ జరిగింది. ఆతిథ్యమిచ్చిన గ్రీకు బృందంలో కరందినోస్ ముఖ్యుడు. లె కొర్బూజియే అక్కడ ఇచ్చిన ప్రసంగానికి పెట్టుకున్న పేరు ‘గాలి, శబ్దం, వెలుతురు’. 1911లో ఇరవై మూడేళ్ల కుర్రవాడిగా పార్థెనాన్ ఉన్న ఆక్రోపోలిస్ కొండ మీద వారాల తరబడి తిరిగి, ఆ రాళ్ల దగ్గరే తన పాఠం నేర్చుకున్నానని చెప్పుకున్న మనిషి ఆయన. వచ్చినవాళ్లు కొత్త బడులు చూశారు. తమ దేశాల్లో ధనవంతుల విల్లాల్లోనో, ప్రదర్శనశాలల్లోనో కనిపించే కొత్త వాస్తుకళ ఇక్కడ, అప్పుల్లో మునిగిన చిన్న దేశంలో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు మామూలు పద్ధతిగా మారుతోంది. పనయోతాకోస్ కట్టిన నీలి రంగు అపార్ట్‌మెంటు గోడ మీద లె కొర్బూజియే చాలా అందంగా ఉందని రాసి సంతకం పెట్టాడని ఏథెన్స్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్ల తర్వాత, 1943లో, ఆ మహాసభ చర్చలను లె కొర్బూజియే ‘ఏథెన్స్ ప్రణాళిక’ పేరుతో అచ్చు వేశాడు. నగర నిర్మాణం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు. ఆ ఊళ్లో బడులు కట్టినవాళ్ల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు.

అయితే ఈ పని మీద బలమైన అనుమానం బయటివాళ్ల నుంచి కాదు, సొంత బృందంలోంచే వచ్చింది. దిమిత్రిస్ పికియోనిస్ 1932 ప్రాంతంలో లికవితోస్ కొండ దిగువన పెఫ్కాకియా బడి కట్టాడు. కొండవాలు వెంట మెట్లుగా దిగే ఆ బడిని అందరూ మెచ్చుకున్నారు. ఆయనకు మాత్రం అది పూర్తయ్యాక తృప్తి కలగలేదు. ప్రపంచమంతటికీ ఒకటే అయిన రూపానికి ఈ నేల తాలూకు ఆత్మ కూడా తోడవ్వాలని తనకు అప్పుడే తోచిందని తర్వాత రాసుకున్నాడు. 1935లో థెస్సలొనీకిలో ప్రయోగాత్మక పాఠశాల కట్టినప్పుడు ఉత్తర గ్రీసు పాత ఇళ్ల తీరును, వాలు కప్పులను తీసుకున్నాడు. ఆ పాఠశాలను నడపడానికి వచ్చినవాడు అలెక్సాంద్రోస్ దెల్మూజోస్. పిల్లలకు గ్రాంథికం వద్దు, ఇంట్లో మాట్లాడే భాషలో చదువు చెప్పాలని కోర్టు బోనెక్కేదాకా పోరాడిన విద్యావేత్త. మన దగ్గర గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారికం కోసం పోరాడుతున్న రోజుల్లోనే అక్కడా ఆ పోరు నడిచింది. 1917లో అక్కడి ప్రాథమిక పాఠశాలల్లోకి వాడుక భాష మొదటిసారి అడుగుపెట్టింది.

పికియోనిస్ అనుమానంలో నిజం లేదని నేననను. ఒకే తీరు శ్లాబు కట్టడాన్ని కొండ ఊళ్లోనూ, తీరంలోనూ దిక్కు చూడకుండా వేస్తూ పోతే వికారమే మిగులుతుంది. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతటా జరిగింది అదే. కానీ కరందినోస్ బడులకు ఆ నింద అంటదు. ఏజియన్ దీవుల్లో సున్నం కొట్టిన చదును కప్పుల ఇళ్లు ఎన్నో తరాల నుంచీ ఉన్నాయి. ఆ ఎండకు, ఆ గాలికి పుట్టిన పొందిక అది. కరందినోస్ తరంవాళ్లు తమ కట్టడాలను ఆ ఇళ్లతో పోల్చి చూసుకున్నది ఊరికే కాదు. దేశీయత అలంకారంలో ఉంటుందా, ఎండను అర్థం చేసుకోవడంలో ఉంటుందా అని అడిగితే, నేను రెండోదాని వైపే నిలబడతాను.

వెనిజెలోస్ ప్రభుత్వం పడిపోయింది. 1936 ఆగస్టులో మెతాక్సాస్ నియంతృత్వం వచ్చింది. పనులు నెమ్మదించాయి. అప్పుడు కరందినోస్ ఒక ముఖ్యమైన పని చేశాడు. తామంతా కట్టిన బడుల పటాలు, ఫొటోలు పోగు చేసి ‘కొత్త పాఠశాల భవనాలు’ అనే పుస్తకానికి సంపాదకత్వం వహించాడు. గ్రీసు సాంకేతిక నిపుణుల మండలి 1938లో దాన్ని ప్రచురించింది. తన పేరొక్కటే నిలవాలని చూసుకునే వృత్తిలో ఉండి, సహచరులందరి పనినీ ఒక చోట చేర్చాడు. మరో మూడేళ్లకు మిత్సాకిస్ నలభై రెండేళ్లకే చనిపోయాడు. గ్రీసును జర్మన్లు ఆక్రమించారు, ఏథెన్స్‌లో జనం ఆకలికి వీధుల్లో పడి చనిపోయారు. ఆ చీకటి రోజులకు ముందు ఒక తరం ఏం చేయగలిగిందో తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఇప్పటికీ ఆ పుస్తకమే తెరుస్తారు.

తర్వాతి జీవితంలో ఆయన పేరు ఎక్కువగా మ్యూజియాలతో ముడిపడింది. క్రీట్ ద్వీపంలోని హెరాక్లియోన్‌లో మినోవన్ నాగరికత తాలూకు నిధులున్నాయి. నాలుగు వేల ఏళ్ల నాటి మట్టి పాత్రలు, గోడ చిత్రాలు. అక్కడి పాత మ్యూజియం 1926, 1930, 1935 భూకంపాల్లో దెబ్బ మీద దెబ్బ తింది. దాని స్థానంలో భూకంపాన్ని తట్టుకొనే కొత్త కట్టడం గీసే పని కరందినోస్‌కు వచ్చింది. 1937లో నిర్మాణం మొదలైంది. యుద్ధంలో దెబ్బతిన్నా నిలిచింది. బడి గదిలో ఎడమ పక్క నుంచి తెచ్చిన వెలుతురును ఇక్కడ పైనుంచి తెచ్చాడు. అక్కడ వెలుగు పిల్లవాడి పుస్తకం మీద పడాలి, ఇక్కడ మట్టి కుండ ఒంపు మీద పడాలి. 1962లో తెరిచిన థెస్సలొనీకి పురావస్తు మ్యూజియం ఆయనదే. ఒలింపియాలోని కొత్త మ్యూజియమూ ఆయనదే. థెస్సలొనీకి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా కొత్త తరాలకు పాఠం చెప్పాడు. 1976లో కన్నుమూశాడు.

గ్రీసుకు ఏటా కోట్ల మంది యాత్రికులు వెళతారు. హెరాక్లియోన్ మ్యూజియంలో గంటల తరబడి నిలబడి ఆ పాత్రలను చూస్తారు. వాటి మీద పడుతున్న వెలుతురును కుదిర్చిన మనిషి అంతకు ముందు చిన్న పిల్లల బడి గదుల్లో అదే పని చేశాడని ఎంతమందికి తెలుసో. ఆ తరం కట్టిన బడుల్లో చాలావాటిలో ఇవాళ కూడా పొద్దున్నే గంట మోగుతోంది, పిల్లలు చదువుకుంటున్నారు. తొంభై ఏళ్లు పనికొచ్చిన ప్రభుత్వ కట్టడాలు ఎక్కడైనా అరుదే.

శ్రోతలారా, మీ ఊరి బడికి కొత్త గది మంజూరైతే, పునాది తీయకముందే ఒకసారి వెళ్లి పటం చూపించమని అడగండి. కిటికీలు ఏ దిక్కుకు పెడుతున్నారు, ఏ పక్క నుంచి పిల్లల పుస్తకం మీదికి వెలుతురు వస్తుంది, వాన కురుస్తుంటే పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు, ఈ మూడూ అడగండి. మన దగ్గర సూర్యుడి లెక్క వేరు, దిక్కు కూడా వేరే రావచ్చు. దయచేసి ఆ లెక్క వేయించండి. శ్లాబు పడ్డాక అడిగి లాభం లేదు.